ఫోన్లకు ఉపవాసం పెట్టిన కౌన్సెలర్

మా సంఘంలో ఇద్దరు పిల్లలు ఈ ఏడాది కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ మొదలుపెట్టారు. ఆరాధన అయ్యాక ప్లేట్లు పట్టుకుని నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీ జాబ్‌లో రోజూ అసలు ఏం చేసేవారు?" అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. బిర్యానీ చల్లారింది. హాలు అద్దెకిచ్చిన అమెరికన్ చర్చివాళ్ళు ఒక్కో లైటూ ఆర్పుతున్నారు. నేను ఇంకా రెండో సంవత్సరం దాటలేదు. సరే, రాసిస్తానని మాటిచ్చి లేచాను.

ఫ్రీమాంట్‌కి దగ్గరలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇరవై రెండేళ్ళు ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌గా పనిచేశాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు జరిగిన ప్రమోషన్ ఒక్కటే, కిటికీ ఉన్న గదిలోకి మార్చారు. కిటికీలోంచి పార్కింగ్ కనపడేది. దాని వల్ల కలిగిన లాభం గురించి తర్వాత చెప్తాను.

పని ఏమిటంటే

కమ్యూనిటీ కాలేజీ అంటే మొదటి రెండేళ్ళు ఇంటి దగ్గర నుంచే చదువుకునే కాలేజీ. తర్వాత ప్రభుత్వ యూనివర్సిటీకి మారి, మిగిలిన రెండేళ్ళూ అక్కడ చదివి డిగ్రీ పుచ్చుకుంటారు. ఆ మారడమే ట్రాన్స్‌ఫర్. వినడానికి బస్సు మారినంత సులువుగా ఉంటుంది. నిజానికి ఇక్కడ చదివిన ప్రతి కోర్సునూ అక్కడివాళ్ళు ఒప్పుకోవాలి. ఇక్కడి కెమిస్ట్రీ ఒక క్యాంపస్‌లో చెల్లుతుంది, దాని పక్క క్యాంపస్‌లో చెల్లదు.

మా నాన్నగారు పశ్చిమ గోదావరిలో పాస్టరు. ఏ జంతువును తినవచ్చో, ఏది తినకూడదో చెప్పే అధ్యాయాలు మాచేత చిన్నప్పుడే కంఠస్థం చేయించారు. డెక్క చీలి ఉండాలి, నెమరు వేయాలి, రెండూ ఉంటేనే శుద్ధం. జీవితంలో ఇది నాకెక్కడ పనికొస్తుందని ఏడ్చేదాన్ని. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చెప్పే ట్రాన్స్‌ఫర్ పట్టికలు మొదటిసారి చూసిన రోజున తెలిసింది. ల్యాబ్ ఉండాలి, నాలుగు యూనిట్లు ఉండాలి, రెండూ ఉంటేనే చెల్లుతుంది. మిగతా కౌన్సెలర్లు ఆరు నెలలకు నేర్చుకున్నది నాకు రెండు వారాల్లో వచ్చేసింది.

పనిలో సగం ఈ పట్టికలు చూడటం. మిగతా సగం "పోర్టల్ చూశావా, ఈమెయిల్ చూశావా" అని అడగడం. పోర్టల్ అంటే యూనివర్సిటీ ఒక్కో విద్యార్థికీ విడిగా ఇచ్చే వెబ్ పేజీ. వాళ్ళకు ఏ కాగితం కావాలన్నా అందులోనే అడుగుతారు, గడువూ అందులోనే పెడతారు, అది చూసుకోమని ఈమెయిల్ పంపుతారు. ఇంటికి ఉత్తరం రాదు, ఎవరూ ఫోన్ చేయరు. మా ఆఫీసు బయట గోడకి "ఈమెయిల్ రోజుకు రెండుసార్లు చూడండి" అని పెద్ద పోస్టరు ఉండేది. ఆ మాట రాసిందీ నేనే, లామినేట్ చేయించిందీ నేనే.

కొలీగ్ వాళ్ళబ్బాయి

మనవాళ్ళలో ఈ కాలేజీ అంటే చిన్నచూపు. పిల్ల ఎక్కడ చదువుతోందని అడిగితే "ఇక్కడే, బే ఏరియాలోనే" అంటారు. ఇంకా గుచ్చి అడిగితే, "సమోసా తీసుకోండి" అంటారు.

నా కిటికీలోంచి చూస్తే తెలుగు తల్లిదండ్రులు ఇట్టే తెలిసిపోయేవాళ్ళు. ఆఫీసు ముందు ఖాళీ ఉన్నా సరే, కారు అవతలి చివర చెట్ల వెనక పెట్టేవాళ్ళు. ఒక డిసెంబరులో, ఎండ మొహం చూసి వారం దాటిన రోజున, ఒకాయన నల్లకళ్ళజోడూ టోపీ పెట్టుకుని వచ్చాడు. వెయిటింగ్ గదిలో అప్పటికే ఇంకో ఆయన అదే వేషంలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ రోజూ ఒకే ట్రైన్‌లో ఆఫీస్‌కి వెళ్ళేవాళ్ళట.

"మీరేంటండీ ఇక్కడ?"

"మా కొలీగ్ వాళ్ళబ్బాయి గురించి ఏదో కనుక్కుందామని. మీరు?"

"మాదీ కొలీగేనండి."

కొలీగుల పిల్లలిద్దరూ మూలన కూర్చుని ఒకే ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నారు. ఇద్దరికీ తండ్రుల ముక్కులే.

ఇలాంటివాళ్ళకు నేను ద్రాక్షతోట సంగతి చెప్పేదాన్ని. ప్రభుత్వ కాలేజీ గనుక అది బైబిల్లోదని చెప్పేదాన్ని కాదు. పొద్దున్నే పనిలోకి వచ్చినవాడికీ, పొద్దుగుంకే గంట ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చాడు. మూడో ఏట చేరినవాడికి వేరే రంగు పట్టా ఇవ్వరండీ, అనేదాన్ని. ఆ ఇద్దరు టోపీలవాళ్ళలో ఒకాయన శ్రద్ధగా విని, "మరి పొద్దున్నే వచ్చినవాళ్ళు హెచ్‌ఆర్‌కి కంప్లైంట్ చెయ్యలేదా మేడమ్?" అన్నాడు. చేశారు, యజమాని పట్టించుకోలేదు అని చెప్పాను. ఆయనకు కొంత ఊరట కలిగినట్టే ఉంది. వెళ్ళేటప్పుడు టోపీ చేతిలో పట్టుకుని వెళ్ళాడు.

లోరెన్

మొదటి రోజు నుంచి చివరి ఏళ్ళ దాకా నా బాస్ లోరెన్. ఓక్లండ్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. నా అంత విశ్వాసి, బహుశా నాకన్నా ఎక్కువ. కానీ ఆఫీసులో విశ్వాసాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకునేది. ఎప్పుడూ దగ్గరే ఉండేది, బల్ల మీద పరిచేది కాదు.

నేను చేరిన ఏడాదే విక్టర్ అనే అబ్బాయి, ఇంజినీరింగ్‌కి వెళ్ళాలనుకుంటున్నవాడు, "నాకు సీటొస్తుందా?" అని అడిగాడు. వాడి మార్కులు చూశాను, మొహం చూశాను, నా మనసులో సమాధానం, అదే చర్చి భాషలో నెమ్మది, కలిగింది. "తప్పకుండా వస్తుంది, నమ్ము" అన్నాను. రాలేదు. ఆ క్యాంపస్ పట్టికకు రెండో పేజీ ఉంది. అందులో ఇంకో ఫిజిక్స్ కోర్సు ఉంది. నేను మొదటి పేజీ దగ్గరే ఆనందపడిపోయాను. విక్టర్ వచ్చి, కోపం కూడా లేకుండా, "మీరు నమ్మమన్నారు, నమ్మాను" అన్నాడు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

లోరెన్ నన్ను పిలిచింది.

"నువ్వు ప్రవక్తవా?"

"కాదు."

"అయితే జరగబోయేది చెప్పకు. కాగితం మీద ఉన్నది చెప్పు. రెండో పేజీ కూడా."

విక్టర్ మరుసటి ఏడు వెళ్ళాడు. ఒక సంవత్సరం మాత్రం పోయింది, నా వల్ల. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. తలుపు తీసే ముందు ప్రార్థన, తీశాక పట్టిక. మీరు విశ్వాసులైనా కాకపోయినా రెండో భాగం మాత్రం వదలకండి. విశ్వాసం మీది, పోయేది వాళ్ళ ఏడాది.

పాత్రకు సీటివ్వరు

దరఖాస్తుతో పాటు పిల్లలు తమ గురించి చిన్న వ్యాసాలు రాయాలి. మన పిల్లల వ్యాసాల్లో రెండు రకాల జబ్బులు చూశాను. కొందరివి తండ్రులు రాసేవాళ్ళు. "మా అబ్బాయి చిన్నతనం నుంచి క్రమశిక్షణ కలవాడు" అని ఉంటుంది, కింద పేరు అబ్బాయిది. చర్చి పిల్లలవి వేరే. వాళ్ళు వ్యాసం రాయమంటే, దేవుడు తమకేం చేశాడో చర్చిలో చెప్పినట్టు సాక్ష్యం చెప్తారు.

జోయెల్ అనే అబ్బాయి రెండేళ్ళు ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేశాడు. అక్కడివాళ్ళకు వీడియో కాల్ నేర్పడానికి ఒక పుస్తకమే తయారుచేశాడు. వ్యాసంలో మాత్రం పాస్టరు గారికి వందనాలు, యూత్ లీడరుకు వందనాలు, సమస్తం ప్రభువు చేశాడు అని ఉంది.

"బాబూ, ఇందులో నువ్వెక్కడున్నావు?"

"నేను ఓన్లీ వెసల్ ఆంటీ. ఒక పాత్ర అంతే."

"యూనివర్సిటీవాళ్ళు పాత్రకు సీటివ్వరమ్మా. పుస్తకం ఎవరు రాశారు?"

"గాడ్ గేవ్ ది ఐడియా."

"టైపు చేసిందెవరు?"

చాలాసేపు ఆలోచించి, "టైపింగ్ నేనే" అన్నాడు.

"అక్కడ మొదలుపెట్టు."

దీన్ని మీరు నవ్వి వదిలేయకండి. 'నేను చేశాను' అనే మాట అతిశయమని పిల్లలకు నేర్పింది మేమే. జరిగింది జరిగినట్టు చెప్పడం అతిశయం కాదని కూడా మేమే నేర్పి ఉండాల్సింది. జోయెల్‌కు సీటొచ్చింది. ఆ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాడు, అందులో నాక్కూడా వందనాలున్నాయి.

లాండ్రీ బుట్ట

ఇక నేను చేసిన అసలు తప్పు. రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు సంగతి.

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు శ్రమకాలం. మా తెలుగు సంఘంలో పెద్దవాళ్ళు ఒక పూట ఉపవాసం ఉంటారు. ఆ ఏడు యూత్ చేత ఏదైనా చేయించమని పాస్టరు గారు నన్నడిగారు, ఎందుకంటే యూత్ సండే స్కూల్ టీచర్ని నేనే. నాకొక ఆలోచన కలిగింది. ఆ నలభై రోజులు మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఇంట్లోంచి లాండ్రీ బుట్ట తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, ఫోను ఉపవాసం గురించి ప్రసంగం చేశాను.

నా ప్రసంగంలో మూడు పాయింట్లు. ఒకటి, కడుపు ఉపవాసం కన్నా కంటి ఉపవాసం కష్టం. రెండు, ఫోన్ ఇచ్చేసి దొంగచాటుగా లాప్‌టాప్‌లో చూసినా చూసినట్టే, హోమ్‌వర్క్ తప్ప ఏదీ తెరవకూడదు. మూడు, అర్జెంట్ అనేది సాతాను ఎక్కువగా వాడే మాట. అమెరికాలో ఇంత బాగా ప్రసంగం ఎప్పుడూ కుదరలేదు నాకు. ఆమెన్‌లు కూడా వచ్చాయి. ఇరవై ఒక్క ఫోన్లు బుట్టలో పడ్డాయి. జిప్ కవర్లలో పెట్టి పేర్లు రాసి పాస్టరు గారి భార్య క్లోజెట్‌లో దాచాం. కాల్స్ కోసం ఒక్కొక్కరికీ పాతకాలపు మడత ఫోన్లు ఇచ్చాం. బుట్టలో నా ఫోనూ వేశాను. మూడో రోజున, నా ఆఫీసు క్యాలెండర్ అందులోనే ఉందని గుర్తొచ్చి వెళ్ళి తెచ్చుకున్నాను. అది ఉద్యోగ ధర్మం కింద లెక్క వేసుకున్నాను.

రెండు వారాలు తిరిగేసరికి పిల్లలు ఒక్కొక్కరే పాస్టరమ్మగారి దగ్గరకు వెళ్ళి, లాగిన్ కోడ్ ఫోన్‌కే వస్తుందని ఒకడు, బస్ పాస్ అందులోనే ఉందని ఒకతె, తీసేసుకున్నారు. ఈ సంగతి అమ్మగారు నాకు చెప్పలేదు, నేను బాధపడతానని. చివరకు కవర్లో మిగిలిన ఫోన్ ఒక్కటే. అది షారోన్‌ది.

షారోన్ మా కాలేజీలో బయాలజీ చదువుతోంది, నా దగ్గరే ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు చేసుకుంది. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్ళు. తల్లి రత్నకుమారి నర్సు, డబుల్ షిఫ్టులు చేస్తుంది. తండ్రిని వారానికి మూడుసార్లు థెరపీకి డ్రైవ్ చేసేది ఈ పిల్లే. అందుకని ఇంటి నుంచి వెళ్ళివచ్చే దూరంలో ఉన్న ఒక్క క్యాంపస్‌కే దరఖాస్తు పెట్టింది. మిగతావన్నీ గంటల కొద్దీ దూరం. ఇది పోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆగితే మళ్ళీ చదువు దారిన పడుతుందో లేదో, ఏదో క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం చూడమని అప్పటికే బంధువులు చెప్తున్నారు.

త్రీ బి

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల వారం, సోమవారం ఉదయం. షారోన్‌కు నా దగ్గర అపాయింట్‌మెంట్.

"వందనాలాంటీ."

"వందనాలమ్మా, కూర్చో. పోర్టల్ ఓపెన్ చెయ్."

"చెయ్యనాంటీ."

"పాస్‌వర్డ్ మర్చిపోయావా?"

"లేదు. ఫాస్టింగ్‌లో ఉన్నా."

"ఫాస్టింగ్ ఉంటే అన్నం మానెయ్. పోర్టల్ ఏం చేసింది?"

"మీరే కదా చెప్పారు."

అప్పుడు రోజులు లెక్కపెట్టాను. భస్మ బుధవారం నుంచి ఈ పిల్ల ఈమెయిల్ చూడలేదు. నా పోస్టరు గోడకి అవతలివైపే ఉంది.

"ఐదు నిమిషాలు చూసి మూసేద్దాం. ఇది అర్జెంట్."

షారోన్ బ్యాగ్‌లోంచి నోట్‌బుక్ తీసింది. ప్రతి ప్రసంగానికీ నోట్స్ రాయాలని సండే స్కూల్లో ఆ పిల్లకు అలవాటు చేసింది కూడా నేనే.

"థర్డ్ పాయింట్, ఆంటీ. 'అర్జెంట్ అనేది సాతాను ఎక్కువగా వాడే మాట.'"

"అది వేరే సందర్భం. విశ్రాంతి దినాన ఎద్దు బావిలో పడితే పైకి తియ్యరా అని ప్రభువే అడగలేదా?"

"అది కూడా ఉందాంటీ. త్రీ బి." వేలితో చూపిస్తూ చదివింది. "'ఎద్దు బావిలో పడిందని మీలో తెలివైనవాళ్ళు అంటారు. రోజూ పడుతుంటే చూసుకోవాల్సింది ఎద్దును కాదు, బావిని.' డబుల్ అండర్‌లైన్ చేశాను."

నా ప్రసంగాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు అంతకు ముందు లేరు, ఆ తర్వాత లేరు. దాన్ని దాటడానికి దారి ఒక్కటే మిగిలింది.

"షారోన్, నేను చెప్పింది తప్పు."

"ఏ పాయింట్?"

"మూడోది."

"ఏ, బి రెండూనా?"

"రెండూ."

పెన్ను తీసింది. కొట్టెయ్యబోయి ఆగి, బల్ల మీదున్న నా ఫోన్ వైపు చూసింది. "మీది తెచ్చేసుకున్నారా ఆంటీ?"

"మూడో రోజునే."

మూడో పాయింట్ మీద స్కేలు పెట్టి గీత గీసింది. అప్పుడు పోర్టల్ తెరిచింది.

మూడు సందేశాలున్నాయి. ఆ సెమిస్టర్‌లో షారోన్ తీసుకోవాల్సిన కెమిస్ట్రీ క్లాసు మా దగ్గర రద్దయితే, పక్క ఊరి కాలేజీలో చేరింది. అక్కడ చేరినట్టు రుజువు రెండు వారాల్లో పంపమని మొదటి సందేశం. ఇంకా అందలేదని రెండోది. జవాబు రానందువల్ల మీ దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు భావిస్తున్నామని మూడోది. అది వచ్చి మూడు రోజులయింది.

అడిగిన రుజువు ఒకే ఒక్క పేజీ. షారోన్ బ్యాగ్‌లోనే ఉంది.

జ్వరం

రత్నకుమారి షిఫ్ట్ దిగి ఆ బట్టల్లోనే వచ్చింది. మేము చెప్పింది నిలబడే విన్నది.

"అప్పీల్ పెట్టొచ్చా అక్కా?"

"పెట్టొచ్చు. ఎందుకు చూడలేదో కారణం రాయాలి."

"జ్వరమని రాద్దాం. నేను నర్స్‌ని, ఏం రాయాలో నాకు తెలుసు."

"అమ్మా, నాకు జ్వరం రాలేదు" అంది షారోన్.

"నాకొచ్చింది ఇప్పుడు. అది రాయి."

"అబద్ధం రాసి సీటు తెచ్చుకుంటే బాప్తిస్మం ఎందుకు తీసుకున్నట్టు?"

"నువ్వాగు. ఏడాది పోతే బాప్తిస్మం క్లాసు చెప్తుందా నీకు?" అని రత్నం నా వైపు తిరిగింది. "మీరు చెప్పండక్కా. మీరు చెప్తే వింటది. మీరు చెప్పిందల్లా వింటది కదా, అదే కదా మనకొచ్చిన గొడవ."

జ్వరం మాట నా మనసులో కూడా ఒక్క క్షణం మెదిలిందని ఇక్కడ రాయకపోతే ఇదంతా రాయడం దండగ. జ్వరం అయితే అందులో నేనుండను. నిజం అయితే ఉంటాను. రోజుకు రెండుసార్లు ఈమెయిల్ చూడమనే కౌన్సెలరే చర్చిలో బుట్ట పట్టుకుని ఫోన్లు వసూలు చేసిందని ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి నా సంతకంతో వెళ్ళాలి.

"జ్వరం వద్దు రత్నం. జరిగింది రాద్దాం. నేనూ రాస్తాను" అన్నాను.

షారోన్ ఆరు వాక్యాలు రాసింది. శ్రమకాలంలో ఫోన్, ఈమెయిల్ మానుకున్నాను, ఇది నేను ఇష్టపడి చేసిన పని, గడువున్న దరఖాస్తు ఉండగా వేరే ఏర్పాటు చేసుకోకపోవడం నా పొరపాటు, మీరడిగిన కాగితం జతచేశాను. అంతే. నా పేరు లేదు. ఎందుకు లేదంటే, "బుట్టలో వేసింది నేనే కదాంటీ" అంది.

నేను రెండు పేజీలు రాశాను. పంపే ముందు లోరెన్‌కు చూపించాలి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"బయట ఆ పోస్టరు ఎవరిది?"

"నాదే."

"బుట్ట ఎవరిది?"

"అదీ నాదే."

భుజాలు కదలడం చూసి కోపమనుకున్నాను. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, పెన్ను తీసుకుని నా రెండు పేజీల్లో ఒకటిన్నర కొట్టేసింది.

"ఉపవాసం ఎందుకు మంచిదో అడ్మిషన్స్‌వాళ్ళకు అక్కర్లేదు. నీ పశ్చాత్తాపం కూడా అక్కర్లేదు, అది వేరే ఆఫీసు చూసుకుంటుంది. నువ్వేం చేశావు, ఆ పిల్ల ఏం చేసింది, కాగితం ఎక్కడుంది. పంపు." నేను తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "మా చర్చిలో మేము కాఫీ మానేస్తాం. అది కూడా అందరినీ ఒకేసారి మాననివ్వను."

ఈస్టర్ సాయంత్రం యూత్ ముందు నిలబడి మూడో పాయింట్ వెనక్కి తీసుకున్నాను. కొందరు నేల చూపులు చూశారు. ఫోన్లు ఎప్పుడో తెచ్చేసుకున్నవాళ్ళు కాబోలు. ఉపవాసం తప్పని ఇప్పటికీ అనను, నేను ఇప్పటికీ ఉంటాను. ఎవరికి ఏ గడువుందో అడగకుండా అందరికీ ఒకే కొలత పెట్టడం తప్పు. అడగడమే నా వృత్తి. నెలనెలా జీతం తీసుకుని చేసే పనిని నా సొంత సంఘం పిల్లల దగ్గర చేయలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇంకో మాట. మీ మాట కొట్టిపారేసే పిల్లల గురించి బెంగ పెట్టుకోకండి, వాళ్ళు ఎలాగో ఒకలా బయటపడతారు. ప్రతి మాటా అండర్‌లైన్ చేసే పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు ఆచితూచి మాట్లాడండి.

మే నెల

మూడు వారాలకు, దరఖాస్తును తిరిగి స్వీకరించామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. సీటిస్తామని కాదు, చూస్తామని. అప్పటికి మిగతా పిల్లల ఫలితాలు వచ్చేశాయి, కాలేజీ అంతా కొత్త యూనివర్సిటీల పేర్లున్న స్వెట్‌షర్టులే. షారోన్ క్లాసులకు వస్తోంది, తండ్రిని థెరపీకి తీసుకెళ్తోంది. ఇంట్లో రిసెప్షన్ ఉద్యోగం మాట రెండుసార్లు వచ్చిందని రత్నం నాకు చెప్పింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ నా గదికి వచ్చారు. ఫలితం వచ్చిందని ఈమెయిల్ వచ్చింది, ఇంకా తెరవలేదు. షారోన్ నా కంప్యూటర్‌లో లాగిన్ అయింది. 'ఫలితం చూడండి' అనే బటన్ తెర మీద ఉంది.

"ముందు ప్రార్థన చేద్దాం అక్కా" అంది రత్నం.

"ముందు చూద్దాం రత్నం."

"మీరేనా ఈ మాటనేది?" అని, నా జవాబు కోసం ఆగకుండా కళ్ళు మూసుకుంది.

రత్నకుమారి ప్రార్థన మా సంఘంలో అందరికీ తెలుసు. సృష్టి దగ్గర మొదలవుతుంది. ఆ రోజు కూడా అక్కడే మొదలైంది. పితరుల మీదుగా, ఎర్ర సముద్రం మీదుగా వచ్చి, ఆసుపత్రిలో తన వార్డు రోగుల్ని పేరుపేరునా తలుచుకుని, భర్త కుడిచెయ్యి కోసం ప్రాధేయపడి, అప్పుడు కూతురి దగ్గరకు వచ్చింది. అక్కడ ఆ పేరే మళ్ళీ మళ్ళీ పలికింది. ఒక పక్క షారోన్, ఇంకో పక్క నేను ఆమె చేతులు పట్టుకున్నాం. కొంతసేపటికి ఆమెన్ అన్నాం.

కళ్ళు తెరిచేసరికి తెర మీద బటన్ లేదు. చాలాసేపు మీ కదలిక లేనందున లాగౌట్ చేశామని ఉంది.

"చూశారా, తీసేశారు" అంది రత్నం.

"తీసెయ్యలేదమ్మా. నీ ప్రేయర్ పెద్దదైంది" అని షారోన్ మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టింది. మొదటిసారి తప్పు పడింది. రెండోసారి సరిగా పడింది. బటన్ నొక్కింది.

అభినందనలు అన్న మాట నేను పద్దెనిమిదేళ్ళుగా ఆ తెర మీద చూస్తున్నాను. ఆ రోజు దాన్ని మూడుసార్లు చదువుకోవలసి వచ్చింది. రత్నం చదవలేదు. కూతురి మొహం చూసింది, దాంతోనే తెలిసిపోయింది, కొంగు లేదు గనుక యూనిఫాం చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు మీరు చెయ్యండక్కా ప్రార్థన" అంది.

నేను కళ్ళు మూసుకోబోయాను. షారోన్ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "థాంక్యూ లార్డ్. ఆమెన్" అని, పేజీ కిందకు జరుపుతూ పోయింది.

"షారోన్," అన్నాను, "సీటు ఒప్పుకున్నట్టు వాళ్ళకు చెప్పడానికి గడువు..."

"జూన్ ఒకటి, ఆంటీ. సెకండ్ పేజీలో ఉంది" అంది. "చెప్పేశాను."